ఒక్కగానొక్కడు

పోయిన వారం మనం హాతెంని డాబా మెట్ల మధ్యలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉన్నాడు. చేతిలో కాలువల శాఖ వాళ్ళు పంపిన ఉత్తరం, చెవుల్లో తండ్రి అనేసి పోయిన మాట. "నేను రాను. ఇంక నన్నడక్కు." ఆ ముక్క అనేసి, పరుపులు కుట్టే షాఫీ మేస్త్రీ చెప్పులు కింది మెట్టు మీదే వదిలేసి పైకెక్కిపోయాడు. కాసేపటికి పైనుంచి పత్తి ఏకే విల్లు మోత మొదలైంది. ఆ ఇంట్లో ఆ మోత మొదలైతే ఇంక మాటలుండవని హాతెంకి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. మా దెసూక్ ఊరి చివర పెద్ద కాలువ మీద లాకులున్నాయి. ఆ లాకుల తలుపులు ఎత్తి దించే ఉద్యోగానికి హాతెం ఎంపికయ్యాడు. డిప్లొమా చేతికొచ్చాక ఇన్నేళ్ళూ సెల్‌ఫోన్ల దుకాణంలో ఊళ్ళోవాళ్ళ పగిలిన అద్దాలు మార్చి మార్చి వాడి కళ్ళు చికిలించుకుపోయాయి. ఇన్నాళ్ళకి సర్కారు ఉద్యోగం. చదువు చూశారు, కళ్ళు చూశారు, ఒళ్ళు చూశారు, పోలీసు స్టేషన్లో వాకబు చేశారు. ఇంక ఒక్కటే మిగిలింది. ఈ అబ్బాయి మాకేమీ బాకీ లేడు అని సైన్యం వాళ్ళు రాసివ్వాలి. మా దగ్గర ప్రతి మగపిల్లవాడూ కొన్నాళ్ళు సైన్యంలో చేసి రావాల్సిందే, ఆ కాగితం లేని మగవాడికి సర్కారు వీధులూడ్చే చీపురు కూడా చేతికివ్వదు.

హాతెంకి ఆ బాధ లేదనే అందరూ అనుకున్నారు. తండ్రి బతికుండగా, ఆ తండ్రికి ఒక్కడే కొడుకైతే సైన్యం వాణ్ణి ముట్టుకోదు, ఇంటికి వదిలేస్తుంది. కాకపోతే ఒకేసారి వదిలెయ్యదు. కొన్నేళ్ళకోసారి ఆ తండ్రి సైన్యం భర్తీ ఆఫీసుకి వెళ్ళి, నాకు ఇంకో కొడుకు లేడు అని ఆఫీసరు ముందు చెప్పి, వేలిముద్ర వేసి రావాలి. షాఫీ మేస్త్రీ ఇదివరకు రెండుసార్లు వేసి వచ్చాడు. ఇప్పుడా పాత కాగితం గడువు తీరిపోయింది. కొత్తది గురువారం లోపల ఇవ్వకపోతే కాలువల శాఖ వాళ్ళు వరసలో తరవాతివాణ్ణి పిలుచుకుంటారు. ఇవాళ బుధవారం. మేస్త్రీగారికేమో ఆదివారం పన్ను నొప్పి, సోమవారం నడుం పట్టు, నిన్న ఎవరి పెళ్ళి పరుపులో అర్జెంటు.

హాతెం ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తల్లి సనియ్యా ఇంట్లో లేదు. పొద్దున్నే పండగలకి మాత్రమే తీసే నల్ల గౌను వేసుకుని, సీదీ ఇబ్రహీం దర్గాకి పోయొస్తాను, మొక్కు ఉంది, అని చెప్పి వెళ్ళింది. ఆవిడ లేకపోవడమే మంచిదైంది అనుకుని వాడు పైకెక్కాడు.

డాబా అంతా తెల్లగా ఉంది. మేస్త్రీ కాళ్ళు ముడుచుకుని పత్తి గుట్ట ముందు కూర్చుని, ఎడమ చేత్తో విల్లు పట్టుకుని, కుడిచేతి చెక్కతో నారిని కొడుతున్నాడు. కొట్టినప్పుడల్లా పింజ లేచి గాలిలో తేలి ఆయన గడ్డంలో, కనుబొమల్లో చిక్కుకుంటోంది. గూట్లో పావురాలు ఆ మోతకి అలవాటుపడి నిద్రపోతున్నాయి.

"పన్ను ఎలా ఉంది?" అన్నాడు హాతెం.

"తగ్గింది."

"నడుం?"

"అదీ తగ్గింది."

"అయితే ఇంక మోకాలే మిగిలింది. ఇవాళ దాని వంతా?"

మేస్త్రీ నవ్వలేదు. మామూలుగా అయితే కొడుకు వెటకారానికి ముందు నవ్వేది ఆయనే. "పక్కకి జరుగు, పత్తి తొక్కుతున్నావు," అన్నాడు.

"ఎవరి పరుపు ఇది?"

"నీదే. మీ అమ్మ చేయిస్తోంది, నీ పెళ్ళికి. మంచి పత్తిరా, పొడుగు పింజ. ఇప్పుడు ఎవరికి కావాలి పత్తి పరుపు, అందరూ స్పాంజి కొనుక్కుంటున్నారు. దాని మీద పడుకుంటే చెమట, నడుం నొప్పి..."

"నాన్నా!"

"ఏంటి?"

"ఉద్యోగం వస్తేనే ముహూర్తం అన్నాడు అబీర్ వాళ్ళ నాన్న. ఈ ఉద్యోగం పోతే నాకు పెళ్ళీ లేదు, నీ పరుపూ లేదు. ఆ పత్తి తీసుకెళ్ళి పావురాల కింద వేసుకుందాం."

నిన్న సాయంత్రం ఇదే డాబా మీద తల్లి ఈ పత్తిని చేత్తో తీసి చూస్తూ పక్కింటావిడతో అన్నమాట వాడికి గుర్తొచ్చింది. "ఈ పరుపు మీద ముందు పడుకునేది కొత్త పెళ్ళికూతురు కాదమ్మా, నా మనవడు మర్జూక్. వాణ్ణి నేనే దొర్లించాలి." మర్జూక్ అంటే హాతెం తాత పేరు. మొదటి మనవడికి ఆ పేరు పెట్టాలని సనియ్యా ఎప్పుడో నిశ్చయం చేసిపెట్టుకుంది. అసలు రెండో కొడుకు పుడితే వాడికే పెట్టుకునేది. హాతెం తరవాత ఆవిడ కడుపు నిలవలేదు. ఎక్కని దర్గా లేదు, కట్టని ముడుపు లేదు. చివరికి ఇంక అడగడం మానేసి, నాకు ఒక్కడిచ్చాడు చాలు, నా ఒక్కడు పదిమంది పెట్టు అని వీధి వీధంతా చెప్పుకుంటూ తిరగడం మొదలుపెట్టింది.

"నీకు ఆఫీసంటే భయమా నాన్నా?" హాతెం గొంతు తగ్గించి తండ్రి ఎదురుగా పత్తిలోనే చతికిలబడ్డాడు. "చదువు రాదని ఎవడన్నా ఏమన్నా అన్నాడా కిందటిసారి? ఈసారి నేను పక్కనే ఉంటాగా. ఎవడేమన్నా అంటే నేను చూసుకుంటాను."

"ఎవరూ ఏమీ అనలేదు."

"మరేంటి? అరగంట పని. ఇదివరకు రెండుసార్లు చేసిందే. నీకు ఇంకో కొడుకున్నాడా అని అడుగుతారు. లేడని చెప్తావు. వేలు సిరాలో పెడతావు. బయటికొచ్చి పుదీనా టీ తాగుతాం. కిందటిసారి నువ్వు రెండు గ్లాసులు తాగావు, గుర్తులేదా?"

విల్లు ఆగింది.

మేస్త్రీ చెక్క పక్కన పెట్టాడు. గడ్డంలోంచి పింజ ఒకటి తీసి వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చున్నాడు.

"అప్పుడు లేడురా," అన్నాడు.

హాతెంకి ముందు అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, వాడికి నవ్వు కూడా రాబోయింది. అప్పుడు లేకపోవడమేమిటి, ఇప్పుడు ఉండటమేమిటి, ఈ ముసలాయన మతి పోయిందా అనుకున్నాడు. తండ్రి మొహం చూశాక ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

"లేడంటే?"

"అప్పుడు లేడు. రెండుసార్లూ నిజమే చెప్పాను. ఇప్పుడు వెళ్తే, వాళ్ళడిగితే నిజం చెప్పలేను."

"ఏంటి నాన్నా నువ్వు మాట్లాడేది?"

"రషీద్‌లో," అన్నాడు మేస్త్రీ. ఆ ఊరి పేరు అనడానికే ఆయనకి ఊపిరి చాలలేదు. "పెళ్ళిళ్ళ కాలంలో పరుపులు కుట్టడానికి పోతాను కదా, నెల, నెలన్నర అక్కడే ఉండిపోతాను కదా. అక్కడ ఒకావిడ తన ఇంట్లో గది అద్దెకిచ్చింది. మొగుడు పోయాడు. వంట చేసిపెట్టేది. ఒక చలికాలం నాకు ఒంట్లో బాగోక పడిపోతే చూసింది. జనం ఏదో ఒకటి అంటారని ఇద్దరు సాక్షుల్ని పిలిచి నిఖా చేసుకున్నాను. తప్పు పని చెయ్యలేదురా. మతం ప్రకారం..."

"మతం సంగతి నేనడగలేదు."

"సరే."

"ఎంతవాడు?"

మేస్త్రీ చేత్తో నేల మీంచి కొలత చూపించాడు. కూర్చున్న హాతెం తల దాకా వచ్చింది ఆ చెయ్యి. "మాటలొచ్చాయి. పరుగులు పెడతాడు. నీ చిన్నప్పటి మొహమే."

"పేరు?"

మేస్త్రీ పక్కనున్న చెక్క తీసి మళ్ళీ కింద పెట్టాడు.

"పేరేంటని అడుగుతున్నా."

"మర్జూక్."

హాతెం లేచి నిలబడ్డాడు. లేచాక ఎక్కడికి వెళ్ళాలో తెలియక పిట్టగోడ దాకా వెళ్ళి, అక్కడ పట్టుకోడానికేమీ లేక మళ్ళీ వెనక్కి వచ్చాడు. కింద వీధిలో కూరగాయల బండివాడు మైకులో టమాటాలు, టమాటాలు అని అరుస్తూ పోతున్నాడు. రోజూ వినే కేకే అయినా ఇవాళ వాణ్ణి పీక పిసికి చంపాలనిపించింది హాతెంకి.

"అమ్మ దాచుకున్న పేరు అది," అన్నాడు.

"మా నాన్న పేరురా అది."

"అమ్మ దాచుకున్న పేరు! నీకు ప్రపంచంలో ఇంకో పేరే దొరకలేదా?"

మేస్త్రీ తల వంచుకున్నాడు. పెద్దమనిషి, వీధిలో నలుగురూ లేచి నిలబడి సలాం చేసే మనిషి, పత్తి మధ్యలో అలా తల వంచుకుని కూర్చుంటే చూడటానికి హాతెంకి కష్టంగానూ ఉంది, కాలితో తన్నాలనీ ఉంది. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో వాడికి ఆవేళే తెలిసింది.

అంతలో వాడి బుర్రలోకి ఇంకో ఆలోచన దూరింది. అది వచ్చినందుకు తరవాత చాలా సిగ్గుపడ్డాడు గానీ, వచ్చింది మాత్రం నిజం. తల్లి గురించి కాదు, ఆ పసివాడి గురించి కాదు. ఉద్యోగం గురించి.

"చెప్పెయ్," అన్నాడు.

"ఏంటి?"

"లేడని చెప్పెయ్. ఎవడు వెళ్ళి రషీద్‌లో వాకబు చేస్తాడు? వేలిముద్ర వేసెయ్. కాగితం తెచ్చుకుందాం. తరవాత సంగతి తరవాత."

"అవదు. వాడి పేరు పుట్టుకల రిజిస్టర్లో రాయించాను. నా పేరు కింద. ఇప్పుడు అంతా కంప్యూటరేగా, మీట నొక్కితే తెర మీదకొస్తుందట."

"ఎందుకు రాయించావు?" అని అరిచాడు హాతెం. అరిచాక తనేం అడిగాడో తనకే వినిపించింది.

"టీకా వెయ్యాలన్నారురా," అన్నాడు మేస్త్రీ నెమ్మదిగా. "పేరు లేని బిడ్డకి టీకా కూడా వెయ్యరు."

గూట్లో పావురం ఒకటి లేచి రెక్కలు దులుపుకుని మళ్ళీ పడుకుంది.

"కంప్యూటర్లో లేకపోతే? అప్పుడు చెప్పేవాడివా?"

"నీ కోసం చెబ్దామనే అనుకున్నాను. పోయినవారం గడ్డం దువ్వుకుంటూ అద్దం ముందు అని చూశాను కూడా. నాకు ఇంకో కొడుకు లేడు, అన్నాను పైకే. ఆ సాయంత్రమే ఫోనొచ్చింది, వాడికి ఒళ్ళు కాలిపోతోందని. రెండ్రోజులు కళ్ళు తెరవలేదు." ఆయన చెంపలు వేసుకున్నాడు. "ఉన్నవాణ్ణి లేడనకూడదురా. ఆ మాటకి బలం ఉంటుంది. నోటితోనే పూడ్చిపెట్టినట్టు."

"పిచ్చి మాటలు."

"పిచ్చో, నిజమో. నేను మళ్ళీ అనలేను."

"అయితే నేనేం చెయ్యను?" అన్నాడు హాతెం. "చెప్పు, నువ్వే చెప్పు, నేనేం చెయ్యను?"

"సైన్యానికి పోయి రా. రెండేళ్ళు ఎంతసేపు? అందరి పిల్లలూ పోవడంలేదూ?"

"పోతాను. తిరిగొచ్చేసరికి ఆ లాకుల దగ్గర ఇంకొకడు కూర్చుని ఉంటాడు. నాకు సర్కారు ఉద్యోగానికి వయసు దాటిపోయి ఉంటుంది. అబీర్‌కి వాళ్ళ నాన్న ఇంకెవరినో చూసేసి ఉంటాడు. అదంతా పోనీ. సైన్యం అంటే నాకేం భయం లేదు. అమ్మకి ఏం చెప్పను? ఒక్కగానొక్క కొడుకుని సైన్యం ఎందుకు పట్టుకుపోతోంది అని అడిగితే ఏం చెప్పను?"

మేస్త్రీకి అక్కడిదాకా తట్టినట్టు లేదు.

నిజమే మరి. ఎటు పోయినా అక్కడికే తేలుతుంది. కాగితం అడిగితే కంప్యూటరు చెప్పేస్తుంది. అడక్కుండా ఉద్యోగం వదిలేసుకుంటే, ఎందుకు వదిలేశావురా అని సనియ్యా ఊరుకుంటుందా, మొగుణ్ణి నిలదియ్యకుండా ఉంటుందా? సైన్యంలో చేరితే ఆవిడ నేరుగా భర్తీ ఆఫీసు గేటు దగ్గరికే పోయి, నా ఒక్కగానొక్కణ్ణి ఏ చట్టం ప్రకారం తీసుకుపోతున్నారని గొడవకి దిగుతుంది. అప్పుడా చట్టమేదో వాళ్ళే విప్పి చెప్తారు. హాతెం ఇవన్నీ ఒక్కొక్కటిగా తలుచుకుని, చివరికి గోడకి వీపు ఆనించి కూలబడ్డాడు. ఏడుపొస్తుందేమో అనుకున్నాడు. అది కూడా రాలేదు.

"ఆవిడకి తెలిస్తే చచ్చిపోతుంది నాన్నా."

"తెలుసు."

"చచ్చిపోదు. అది ఇంకా నయం. రేపట్నుంచి వీధిలో తలెత్తుకుని నడవదు. నా ఒక్కడు, నా ఒక్కడు అని ఎవరితో చెప్పుకుంటుంది?"

"తెలుసురా. అందుకే ఆదివారం నుంచి పన్ను నొప్పి."

అప్పుడు కింద వీధిలోంచి కేక వినబడింది. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ పెట్టే సంబరపు కేక. ఒకటి, దాని వెనకే ఇంకొకటి. ఎవరింట్లో పెళ్ళా అని పక్క డాబాల మీదివాళ్ళు తొంగిచూశారు. మూడో కేకకి హాతెం ఆ గొంతు గుర్తుపట్టాడు. అది వాళ్ళమ్మ గొంతే.

మెట్ల మీద చెప్పుల చప్పుడు, రొప్పు. సనియ్యా డాబా మీదికి వచ్చేసరికి మొహమంతా చెమట, కళ్ళనిండా వెలుగు. పండగ గౌను అంచుకి దుమ్ము కొట్టుకుపోయి ఉంది. ఒక చేతిలో ఎర్ర షర్బతు సీసా, ఇంకో చెయ్యి గుండె మీద.

"హాతెం నాన్నా! లే, లే, చెప్పులేసుకో!" అంది మొగుణ్ణి చూసి.

"దర్గాకి వెళ్ళలేదా?" అన్నాడు మేస్త్రీ.

"దర్గాకి శుక్రవారం పోతాను, మొక్కు తీర్చడానికి. ఇవాళ భర్తీ ఆఫీసుకి పోయాను." ఆవిడ అక్కడే పత్తి మూట మీద కూలబడి మోకాళ్ళు రుద్దుకుంది. "మీ ఇద్దర్నీ నమ్ముకుంటే నా కొడుకు తల నెరిసేదాకా ఫోన్లు బాగుచేసుకుంటూ కూచుంటాడు. ఒకాయనకి పన్ను, నడుం. ఇంకొకాయనకి సిగ్గు. అందుకని నేనే బయల్దేరాను. పోస్టాఫీసు ఖలీఫా అన్నయ్యనీ, బడిపంతులు మునీర్ గారినీ లాక్కుపోయాను. ఇద్దరు సర్కారు ఉద్యోగులు సాక్ష్యం సంతకం పెట్టాలట కదా, అది కూడా మీకెవరికీ తట్టలేదు."

"పెట్టారా?" అన్నాడు హాతెం.

"పెట్టకేం! వీడు పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాం, ఆ ఇంట్లో ఇంకో పిల్లవాడు లేడు, మాకు బాగా తెలుసు అని రాసి సంతకాలు పెట్టారు. పాపం ఖలీఫా అన్నయ్య, ఇంకో ఏడాదిలో పింఛను, కళ్ళజోడు మర్చిపోయి వచ్చాడు. చూడకుండానే పెట్టేశాడు. ఏం చూడాలమ్మా, నీ ఇల్లు నాకు తెలీదా అన్నాడు."

ఆ సాక్ష్యం కాగితం కింద ఏం అచ్చువేసి ఉంటుందో హాతెంకి తెలుసు. తప్పుడు సాక్ష్యం ఇచ్చిన ఉద్యోగికి ఉద్యోగం పోతుంది, పింఛను పోతుంది, జైలు. వాడు తండ్రి వైపు చూశాడు. తండ్రి వాడి వైపు చూడటం లేదు.

"ఆఫీసరు కుర్రాడు మంచివాడు," సనియ్యా చెప్పుకుపోతోంది. "ఏమ్మా, తండ్రి కదా రావాలి, నువ్వొచ్చావేంటి అన్నాడు. ఆయనకి నడుం నొప్పి బాబూ, మోసింది నేను, కన్నది నేను, నాకు తెలీదా ఎంతమంది ఉన్నారో అన్నాను. గదిలో అందరూ నవ్వారు. సరే అయితే ప్రమాణం చేస్తావా అన్నాడు. గ్రంథం మీద చెయ్యేసి చేశాను."

"ఏమని?" అన్నాడు మేస్త్రీ.

"ఏమనేముంది? నా మొగుడికి వీడొక్కడే కొడుకు, వీడు తప్ప ఇంకో బిడ్డ లేడు అని. వాళ్ళడిగింది అంతే. నాకు మనసు ఆగలేదు. మా అబ్బాయి తల మీద ఒట్టు బాబూ, ఇది అబద్ధమైతే ఆ తల నాకు దక్కకుండా పోవాలి అన్నాను. ఆ కుర్రాడు, చాలమ్మా చాలు, అంత ఒట్టు మాకక్కర్లేదు అని నవ్వాడు."

మేస్త్రీ గబుక్కున లేచాడు. లేవడంలో విల్లు కాలికి తగిలి నారి ఒక్కసారి మోగింది. పావురాలన్నీ బెదిరి గూట్లోంచి లేచాయి. ఆయన రెండంగల్లో కొడుకు దగ్గరికి వచ్చి, వాడి తల మీద రెండు చేతులూ వేసి గట్టిగా పట్టుకున్నాడు. పెదవులు ఏదో చదువుతున్నాయి.

"ఇదేంటి, ఇప్పుడు ప్రేమ పుట్టుకొచ్చింది?" సనియ్యా నవ్వింది. "వారం నుంచి వాణ్ణి ఏడిపించి! కొడుకుని తరవాత ముద్దుచేద్దువుగాని, ముందు కదులు. అంతా అయిపోయింది, నీ వేలిముద్ర ఒక్కటే తక్కువ. కుర్రాడు రెండింటిదాకా ఉంటాడట. వేలిముద్ర పడగానే కంప్యూటర్లో పేరు కొట్టి చూసి, ముద్ర వేసి చేతికిచ్చేస్తాడు. అది ఊరికే లాంఛనం, మీకేమీ భయంలేదమ్మా అన్నాడు."

"రేపు వెళ్దాం అమ్మా," అన్నాడు హాతెం.

"రేపు గురువారం. రేపు నువ్వు దాన్ని కాలువల శాఖలో ఇవ్వాలి. నీకు మతి ఉందా?"

"నాన్నకి ఒంట్లో..."

"ఏమైంది ఒంట్లో? రాయిలా ఉన్నాడు. అన్నయ్యా, పంతులుగారూ కింద ఆటోలో కూచున్నారు, ఎండలో. వాళ్ళని అలా ఎంతసేపు కూచోబెడతాం? మీరిద్దరూ మనుషులేనా?"

"అమ్మా, నాకు ఈ ఉద్యోగం వద్దు."

అనేశాడు. అన్నాక, ఆ మాట ఎంత పనికిరానిదో వాడికే తెలిసింది. కాగితం ఇప్పుడు భర్తీ ఆఫీసు బల్ల మీద ఉంది. దాని మీద ఒక తపాలా ఉద్యోగి సంతకం ఉంది, ఒక పంతులు సంతకం ఉంది, తల్లి ప్రమాణం ఉంది. వద్దన్నంత మాత్రాన అవి లేచి ఇంటికి రావు.

సనియ్యా మొహంలో వెలుగు ఒక్క క్షణం తగ్గింది. కొడుకు దగ్గరికి వచ్చి, వాడి చొక్కా మీద పత్తి దులిపి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. "భయమేస్తోంది కదూ? నాకు తెలుసు. చేతికందేదాకా నమ్మకం కుదరదు. నీ వయసులో నేనూ అంతే, నువ్వు కడుపులో పడ్డప్పుడు నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. వస్తుందిరా. నీది నీకు వచ్చి తీరుతుంది. ఇది అడగడానికి నీకొక్కడికే హక్కుంది, ఇంకెవరున్నారు పోటీకి?"

హాతెంకి ఆవిడ కళ్ళలోకి చూడటం చేతకాలేదు. తండ్రి చేతులు ఇంకా తన తల మీదే ఉన్నాయి. మెల్లిగా అవి వదులయ్యాయి.

మేస్త్రీ వెనక్కి జరిగి, గడ్డంలో పత్తి దులుపుకున్నాడు. కనుబొమల్లోది దులుపుకోవడం మర్చిపోయాడు. తాడు మీద ఆరేసిన కోటు తీసుకుని ఒక చెయ్యి దూర్చి, రెండో చెయ్యి దొరక్క వెతుక్కుంటూ ఉంటే, సనియ్యానే వెనకనుంచి పట్టుకుని తొడిగింది. కాలరు సర్దింది. ఇన్నేళ్ళ కాపురంలో ఎన్ని వందలసార్లు అలా సర్దిందో ఆవిడకీ తెలీదు, ఆయనకీ తెలీదు.

"పద, హాతెం అమ్మా," అన్నాడాయన భార్యతో.

"అదీ మాట!" షర్బతు సీసా కొడుకు చేతిలో పెట్టి ఆవిడ ముందు మెట్లు దిగడం మొదలుపెట్టింది. "ఇది నీళ్ళలో పెట్టుంచు, చల్లబడాలి. వచ్చాక వీధంతా పంచాలి."

మేస్త్రీ రెండు మెట్లు దిగాడు. హాతెం వెనకనుంచి వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

"నాన్నా." గొంతు బయటికి రాకుండా అడిగాడు. "అక్కడ ఏం చెప్తావు?"

ఆయన ఆగాడు. వెనక్కి తిరగలేదు. చెయ్యి విడిపించుకోలేదు కూడా. కింద వీధిలో ఆటోవాడు హారన్ కొట్టాడు, రమ్మని ఖలీఫా గొంతు ఏదో అంది.

కొడుకు ప్రశ్న ఎంత చిన్నగా అడిగినా ఆ ఇరుకు మెట్లలో అది కిందిదాకా పోయింది. జవాబు కూడా కిందినుంచే వచ్చింది, నవ్వుతూ, రొప్పుతూ, సనియ్యా గొంతుతో.

"ఏం చెప్పడమేమిట్రా? ఉన్నది ఉన్నట్టు చెప్తాడు!"